ఎమ్మెల్యే గారూ, ఆధారాలుంటే కోర్టుకెళ్లండి

గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి,

బెంగళూరులో మీకు ఓటేసిన తెలుగువాణ్ణి. మెయిల్ పెట్టాను, మీ ఆఫీసులో ఉత్తరమిచ్చాను, జవాబు లేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను. ఎన్నికల సంఘం అమ్ముడుపోయిందనీ, విదేశాంగ శాఖది నాటకమనీ, పేపర్లు చదవొద్దనీ ప్రతి మీటింగులో అంటున్నారు. ప్రశ్నించండి, తప్పు లేదు. కానీ పోలింగ్ ముగియగానే ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే లెక్క, అదే ఫారం 17సీ, మీ ఏజెంట్ల చేతికే ఇస్తారు కదా, ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ కూడా వేయొచ్చు, మరి ఆ దారిన ఎందుకు వెళ్లరు? (మీరు గెలిచిన మిషన్లు మాత్రం మంచివే లెండి.)

ఈవీఎంలు చేసే ప్రభుత్వ కంపెనీ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) మన ఊరిదే. అందులో రిటైరైన మా పక్కింటి పెద్దాయన్ని పార్కులో కుర్రాళ్లు "దొంగ మిషన్ల తాతా" అని పిలుస్తుంటే ఆయన వాకింగే మానేశారు.

ఆధారాలుంటే బయటపెట్టండి. లేదంటే ఆ మాటలు వచ్చే మీటింగులో, అదే మైకులో, వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
మీ ఓటరు