నా రికార్డులోని తప్పును దిద్దవలసింది ఎవరు?

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: పేషెంట్ పోర్టల్‌లో తప్పుగా నమోదైన ఎలర్జీ వివరాన్ని సరిచేయకపోవడం గురించి.

ఆర్యా,

నేను చికిత్స పొందుతున్న ఆసుపత్రి రోగుల రికార్డులన్నిటినీ మీ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనే భద్రపరుస్తోంది. నాలుగు నెలల కిందట మీ పోర్టల్ తెరిచి చూసుకుంటే, ఎలర్జీల గడిలో ‘పెన్సిలిన్ – తీవ్రం’ అని కనిపించింది. ఆసుపత్రిలో చేరిన రోజు నర్సు అడిగినప్పుడు, ఒకసారి ఆ మందు వాడితే కడుపులో తిప్పిందని మాత్రమే నేను చెప్పాను. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకునే చోటు మీ ఫారంలో లేదనీ, తీవ్రత ఎంచుకోనిదే తరువాతి పేజీ తెరుచుకోదనీ ఆమే తరువాత నాకు చూపించారు. ఆమె తప్పు ఇందులో నాకేమీ కనబడలేదు. ఆరోగ్య సమాచార మార్పిడికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణమే ఎలర్జీని, కడుపులో తిప్పడం వంటి, ఎలర్జీ కాని మందు సరిపడకపోవడాన్ని వేరువేరుగా గుర్తించే వీలు కల్పిస్తుండగా, మీ ఫారం రెంటినీ ఒకే గడిలో ఎందుకు కలిపేసిందో తెలియజేయగలరు.

ఇది చిన్న అక్షరదోషం కాదు. పెన్సిలిన్ ఎలర్జీ ఉందని నమోదైనవారిని పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ మందును తట్టుకోగలరని వైద్యులకు తెలిసినదే. అయినా తెరమీద ఎర్రటి హెచ్చరిక కనిపించాక ఏ డాక్టరూ సాహసించరు. గత నెల నాకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అవసరానికి మించి విస్తృతంగా పనిచేసే మరో యాంటీబయాటిక్ రాశారు.

దిద్దమని పోర్టల్‌లో మూడుసార్లు రాశాను. ప్రతిసారీ ‘మీ సందేశం అందింది’ అన్న జవాబు వెంటనే వచ్చింది, పద్నాలుగు రోజులకు ఆ సంభాషణ దానంతటదే మూసుకుపోయింది. రికార్డుల విభాగాన్ని అడిగితే, డిశ్చార్జి అయ్యాక సిస్టమ్ ఆ పేజీని లాక్ చేస్తుందనీ, మీరే తెరవాలనీ అన్నారు. మీ సహాయ కేంద్రమేమో, రికార్డు ఆసుపత్రిది కనుక తమకు సంబంధం లేదంది.

ఆ సమాధానం చట్టం ముందు నిలవదని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్‌కూ, అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే హిపా నియమాలకూ అనుగుణంగా పనిచేస్తామని మీ గోప్యతా విధానంలో మీరే రాసుకున్నారు. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ 16వ అధికరణం తప్పుడు వివరాన్ని అనవసర జాప్యం లేకుండా సరిచేయించుకునే హక్కునిస్తుంది. ఆ హక్కును నెరవేర్చడంలో ఆసుపత్రికి తోడ్పడే బాధ్యతను 28వ అధికరణం మీవంటి సంస్థలపైనే పెడుతుంది. హిపా నియమాల ప్రకారం సవరణ కోరిన వ్యక్తికి సాధారణంగా 60 రోజుల్లో జవాబివ్వాలి, నిరాకరిస్తే ఆ వ్యక్తి అసమ్మతిని రాతపూర్వకంగా స్వీకరించాలి. నాకు సవరణా దక్కలేదు, నిరాకరణా దక్కలేదు.

కాబట్టి ఆ పేజీని ఆసుపత్రికి వెంటనే తెరిచి ఇవ్వవలసిందిగానూ, సవరణ పూర్తయ్యేవరకు ‘రోగి దీనిని అంగీకరించడం లేదు’ అన్న గమనిక డాక్టర్ల తెరపై కూడా కనిపించేలా చేయవలసిందిగానూ కోరుతున్నాను. ఈ తప్పుడు వివరం మీ సిస్టమ్ నుంచి ఇంకా ఏయే ఆసుపత్రులకు, ల్యాబ్‌లకు చేరిందో ఆ జాబితా కూడా నాకు కావాలి, ఎందుకంటే ఇక్కడ దిద్దినా అక్కడ మిగిలిపోతే మళ్ళీ నా దగ్గరికే తిరిగివస్తుంది.

మీ పోర్టల్ సందేశంలో ఐదువందల అక్షరాలకు మించి రాయనివ్వదు గనుక ఈ లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. జవాబును కూడా పోస్టులోనే, బాధ్యుల సంతకంతో పంపగలరు.

భవదీయురాలు,
(సంతకం)