వంట పాత్ర అని చెప్పి షోకేసు టజీన్ అమ్మారు, నా డబ్బు వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

మీ సైట్‌లో మొరాకో వంట టజీన్ (గోపురం లాంటి మూత ఉండే మట్టి పాత్ర), నేరుగా గ్యాస్ పొయ్యి మీద పెట్టుకోవచ్చు అని రాసి ఉంటే నమ్మి కొన్నాను. వచ్చింది మాత్రం నీలం, పసుపు రంగుల్లో పూలు వేసిన నున్నటి గ్లేజ్ (గాజులాంటి పూత) ఉన్న పాత్ర. మొరాకోలోని సఫీ, ఫెజ్ ఊళ్ల రంగుల టజీన్లు చాలావరకు వడ్డించడానికో అలంకారానికో చేసేవి. అక్కడ వంటకి వాడేది ముగ్గూ రంగూ లేని మామూలు మట్టిది. టజీన్లే అమ్ముతున్న మీకు ఈ తేడా తెలియదంటే ఎలా నమ్మాలి?

పాత్రని నానబెట్టి ఆరబెట్టి, కింద మంట సమంగా పరుచుకునేలా చేసే డిఫ్యూజర్ రేకు పెట్టి, సిమ్‌లోనే చికెన్, ఆలివ్‌లు, ఉప్పులో ఊరేసిన నిమ్మకాయ, కుంకుమపువ్వు వేసి పెట్టాను. గంట కూడా కాకుండానే అడుగు పగిలి పులుసంతా బర్నర్ మీదికి కారింది, లోపలి గ్లేజ్ పెచ్చులు పెచ్చులుగా లేచి కూరలో కలిసింది. మూత గోపురంలా ఉండేది ఆవిరి పైన చల్లబడి మళ్లీ కూర మీదే పడాలని, అందుకే కాసిని నీళ్లతోనే మాంసం మెత్తబడుతుంది. మీ మూత సరిగ్గా కూర్చోనే లేదు, ఆవిరంతా పక్కనుంచే పోయింది.

పాత్ర పగిలితే పోయింది, నాకు అసలు టెన్షన్ సీసం గురించి. గ్లేజ్‌లో సీసం ఉంటే పులుపుకీ వేడికీ కూరలోకి దిగుతుంది, రుచిలో గానీ వాసనలో గానీ తెలియదు. టజీన్ వంటంటేనే గంటల తరబడి సన్న సెగ, అందులో నిమ్మకాయ కూడా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ల మెదడు ఎదుగుదలకి సీసం ఎంత హాని చేస్తుందో మీకు చెప్పాలా? కూర మొత్తం పారబోశాను.

ఫోన్ చేస్తే మీ ఉద్యోగి మంట ఎక్కువ పెట్టి ఉంటారు మేడమ్ అని తేల్చేసి, సగం ధరకి కూపన్ ఇస్తామన్నారు. నాకు కూపన్ వద్దు, పూర్తి డబ్బు కావాలి. ఈ గ్లేజ్‌కి సీసం పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్ట్ పంపండి, చేయించకపోతే దీన్ని వంట పాత్ర అని అమ్మడం ఈరోజే ఆపి, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ వండొద్దని మెసేజ్ పెట్టండి. డబ్బు కంటే నాకు ఇదే ముఖ్యం.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. బిల్లు, పగిలిన పాత్ర ఫొటోలు, మీ సైట్ పేజీ స్క్రీన్‌షాట్ జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్, హైదరాబాద్