పఠన విభాగం వార్షిక నివేదిక: ‘మాలపల్లి’ చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, కార్తీక వనభోజనాలు, వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి కాబట్టి నేను పఠన విభాగం గురించే రాస్తున్నాను. ఈ ఏడాది మన సంఘంలో నిజంగా మార్పు వచ్చింది అక్కడే.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని నెలకు కొన్ని ప్రకరణాల చొప్పున, వంతులవారీగా పైకి చదివాం. ఉన్నవ గారు జైల్లో ఉండగా రాసిన ఈ నవల 1922లో అచ్చయింది. దాన్ని నిషేధించింది మన ఈ చెన్నైలో కూర్చున్న అప్పటి మద్రాసు ప్రభుత్వమే. ఒక కథకు సర్కారు అంత భయపడిందంటే, మనుషుల్ని మార్చే శక్తి దానికి ఉందని వాళ్ళకూ తెలుసన్నమాట.

నవలలో భూస్వామి చౌదరయ్య చేతిలో దళిత యువకుడు సంగదాసు ప్రాణం పోయే ఘట్టం చదివిన రోజు ఒక సభ్యురాలు అన్నారు: “మా వీధి ఊడ్చే ఆమె రోజూ నాతో తెలుగులోనే మాట్లాడుతుందండీ. ఒక్క ఉగాదికైనా పిలవాలని తోచలేదు.” ఆ తర్వాత చాలాసేపు ఎవరూ పేజీ తిప్పలేదు. చెన్నై వీధులు శుభ్రం చేసేవాళ్ళలో ఎందరో తెలుగు మాట్లాడే దళితులు, తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. తెలుగువాళ్ళ సంఘం అని బోర్డు పెట్టుకున్న మనకు వాళ్ళు గుర్తుకు రావడానికి ఒక నవల కావలసి వచ్చింది.

తర్వాతి సమావేశానికి ఆ వీధి ఊడ్చే ఆమె, ఆమె అక్క వచ్చారు. సంగదాసు తండ్రి రామదాసు ఓర్పును మేమంతా మెచ్చుకుంటుంటే అక్క అడ్డుపడింది: “మా నాయన ఇంత ఓర్పు మనిషి కాదు సార్. కోపం వస్తే నిలదీసేవాడు.” దాంతో చర్చ తిరుగుబాటు దారి పట్టిన ఆయన పెద్ద కొడుకు వెంకటదాసు మీదికి మళ్ళింది. ఆ పూట జరిగినంత మంచి చర్చ ఏడాది మొత్తంలో మరొకటి లేదు.

కథలు చదివితే ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుందా అని కొందరు అడిగారు. కాసేపు సాహిత్యం చదివితే చాలు, ఇతరుల మనోభావాలు గుర్తించే శక్తి పెరుగుతుందని 2013లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. తర్వాత పెద్ద ఎత్తున మళ్ళీ చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. ఇటలీలో మాత్రం బడిపిల్లలతో ఆరు వారాలు హ్యారీ పాటర్‌లోని వివక్ష ఘట్టాలు చదివించి, చిన్న గుంపుల్లో చర్చ పెట్టారు. హ్యారీని తమవాడనుకున్న పిల్లల్లో వలసవచ్చినవాళ్ళ పట్ల చిన్నచూపు తగ్గింది. అంటే పుస్తకం ఒక్కటే చాలదు, చదివాక మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకునే చోట ఎవరెవరు ఉన్నారన్నదీ ముఖ్యమేనని మా అనుభవం.

వచ్చే ఏడాదికి కొలకలూరి ఇనాక్ గారి కథలు తీసుకుంటున్నాం. దళితుల జీవితాన్ని దళిత రచయితల కలం నుంచే చదవాలని అక్కాచెల్లెళ్ళిద్దరూ గట్టిగా అడిగారు. ప్రతులు కొనే స్తోమత లేనివాళ్ళు ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో చూడవచ్చు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చేరే గ్రంథాలయాల్లో అదొకటి.

సర్వసభ్య సమావేశం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకు సభ్యత్వ రుసుము రద్దు చేయాలి. పఠన సమావేశాలను వాళ్ళ పనివేళలకు తగ్గట్టు ఆదివారం సాయంత్రానికి మార్చాలి. దయచేసి అందరూ వచ్చి ఓటు వేయండి.

ఇట్లు,
కార్యదర్శి, పఠన విభాగం