యంత్రాలు కొన్నారు, వాటికి ఫిల్ములు ఎప్పుడు కొంటారు?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే ఫ్లోరెసెన్స్ యంత్రాల సంగతి మీకు తెలియనిది కాదు. వాటి ఫిల్ముల కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. ‘ఆ పద్దు లేదు’ అని నోటిమాటగా చెప్పారు తప్ప కాగితం మీద జవాబు రాలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది.

అయ్యా, పని చేసేది పైకి కనిపించే పెట్టె కాదు, లోపలున్న ఫిల్ము, అంటే పలుచని పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత. కాంతి పడితే అది మెరుస్తుంది, టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం తగిలితే ఆ మెరుపు తగ్గుతుంది. సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే వరసంతా ఆరిపోయినట్టు, ఒక్క టీఎన్‌టీ అణువు పొడవాటి పాలిమర్ గొలుసు మెరుపునే అణచేస్తుంది. 1990లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త స్వాగర్ బృందం చూపించిన గుణమిది. కంటికి కనిపించని నానోగ్రాముల మరకలు దొరికేది దీనివల్లే.

కానీ మెరిపించే కాంతే ఆ పూతను కొద్దికొద్దిగా మాడుస్తుంది. మే నెల ఎండలో జీపులో వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. బేస్‌లైన్, అంటే ఏమీ తగలనప్పుడు ఉండాల్సిన మెరుపు, పడిపోయిందని యంత్రం హెచ్చరిస్తుంది. మార్చడానికి కొత్త ఫిల్ము లేనప్పుడు ఆ హెచ్చరికను ఏం చేసుకోవాలి? మెరుపే లేని ఫిల్ములో తగ్గడానికి ఏముంటుంది? అలారం మోగలేదంటే సంచిలో ఏమీ లేదని కాదు, యంత్రానికి చూపు లేదని.

మరకల్ని తుడిచి యంత్రంలో పెట్టే ముక్కలు, స్వాబ్‌లదీ ఇదే గతి. ఒక స్వాబ్ ఒక్కసారికే. జిప్పు, పిడి, స్టీరింగ్ తుడిచి వేడిచేశాక పారేయాలి. కొరత వల్ల మళ్లీ వాడితే ముందు సంచి మరక తర్వాతి మనిషి మీద పడుతుంది. ఏ పాపం తెలియని ప్రయాణికుణ్ణి పక్కకు నిలబెడతారు. అలారం అనుమానమే, రుజువు కాదు. రుజువు ల్యాబులో మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే పరికరం) చెప్పాలి.

రోజూ డ్యూటీకి ముందు ఖాళీ స్వాబ్ పెట్టాలి, మోగకూడదు. కొలత తెలిసిన టీఎన్‌టీ స్వాబ్ పెట్టాలి, మోగి తీరాలి. మళ్లీ ఖాళీది పెట్టి శుభ్రమైందని చూసుకోవాలి. పది నిమిషాల పని. ఆ ప్రమాణపు స్వాబ్‌లే లేకపోతే ఎలా చేస్తారు?

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్లు చూసిన ఊరు ఇది. దయచేసి ఆ పద్దు తెరవండి. కొత్త యంత్రాలు ఆగినా ఫర్వాలేదు. ఉన్నవాటికి ఫిల్ములు, స్వాబ్‌లు, వాటిని దాచడానికి చల్లని చీకటి అర ఇప్పించండి. గణేశ్ నిమజ్జనం బందోబస్తు మొదలయ్యేలోపే ఇప్పించండి.

ఇట్లు,
ఈ యంత్రాలతో పనిచేసే హైదరాబాద్ సాంకేతిక సిబ్బంది