సిమ్‌ల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు

సంపాదకుల వారికి,

భూటాన్‌లో మొబైల్ కనెక్షన్ల సంఖ్య దేశ జనాభాకు దాదాపు సమానమైందని, కాబట్టి అక్కడ ప్రతి మనిషి చేతిలోనూ ఫోన్ ఉన్నట్టేనని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మొదటి మాటతో నాకు పేచీ లేదు. దాన్నుంచి రెండో మాటను తేల్చడం మాత్రం సరికాదు. తాలా జల విద్యుత్ కేంద్రం నిర్మాణ కాలంలో కొన్నేళ్లు అక్కడ పనిచేసి, ఆ దేశానికి సెల్‌ఫోన్ రావడం కళ్లారా చూసినవాణ్ణి గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

టెలివిజన్‌నూ ఇంటర్నెట్‌నూ భూటాన్ 1999లో, అంటే నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ పట్టాభిషేక రజతోత్సవ సంవత్సరంలో అనుమతించింది. సెల్‌ఫోన్ సేవలు 2003 నవంబరు 11న, ఆ రాజు పుట్టినరోజున, భూటాన్ టెలికాం వారి బి-మొబైల్ పేరుతో మొదలయ్యాయి. అంతకు ముందు మా క్యాంపులో ఎవరికైనా ఇంటివాళ్లతో మాట్లాడాలనిపిస్తే ఆదివారం దాకా ఆగి, దొరికిన లారీ ఎక్కి ఫుంత్‌షోలింగ్ దిగి, సరిహద్దు గేటు దాటి మన దేశపు ఊరైన జైగావ్‌లోని ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడవలసిందే. ఎదుట ఎర్రగా వెలుగుతూ పెరిగిపోయే మీటరు అంకెలను చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. చెప్పాలనుకున్నవాటిలో సగం మాటలు గొంతులోనే ఉండిపోయేవి.

సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో మా బృందం మొత్తానికీ ఒక మేస్త్రీ దగ్గరే ఫోన్ ఉండేది. రీఛార్జి కార్డును నాణెంతో గీకి, ఒకరు అంకెలు చదువుతుంటే మరొకరు నొక్కేవారు. సిగ్నల్ కోసం క్యాంపు పైన రోడ్డు మలుపు దాకా నడిచి, ఒక రాయి పక్కన నిలబడాలి. అక్కణ్ణుంచి రెండడుగులు కదిలితే మాట తెగిపోయేది. ఆ ఒక్క సిమ్ మీద పది పన్నెండు కుటుంబాల కబుర్లు నడిచాయి. కంపెనీ పుస్తకాల్లో మాత్రం అది ఒక్క కనెక్షనే. అంటే ఆ తొలి రోజుల్లో ఫోన్ అందిన మనుషులు ఎక్కువ, లెక్కకెక్కినవి తక్కువ.

తర్వాతి కాలంలో ఇది తలకిందులైంది. 2008లో రెండో మొబైల్ కంపెనీ తాషిసెల్ రంగంలోకి దిగింది. కొండల దేశంలో సిగ్నల్ లోయ దాటి పోదు. ఈ లోయలో ఒక కంపెనీ టవరు బాగా పనిచేస్తే, కనుమ దాటాక రెండో కంపెనీదే గతి కావచ్చు. అందుకని థింఫూలో ఉద్యోగం, తూర్పు జిల్లాల్లో సొంత ఊరు ఉన్నవాడు రెండు సిమ్‌లూ పెట్టుకుంటాడు. వాడొక్కడే, లెక్కలో మాత్రం ఇద్దరు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం నిర్వచనం ప్రకారం గడచిన మూడు నెలల్లో వాడిన ప్రతి ప్రీపెయిడ్ ఖాతా కూడా చందా (అంటే ఒక కనెక్షన్) కిందే లెక్క. కాబట్టి పది రోజుల కోసం వచ్చిన పర్యాటకుడు కొని, పారో విమానాశ్రయంలో పడేసి వెళ్లిన సిమ్ కూడా కొన్నాళ్లు ఆ అంకెలో బతికే ఉంటుంది.

పెద్ద దేశంలో ఇలాంటి తేడాలు సముద్రంలో కలిసిపోతాయి. భూటాన్‌లో అలా కాదు. 2017 జనగణన ప్రకారం అక్కడి జనాభా 7,27,145. ఏడు వేల మూడు వందల సిమ్‌లు అదనంగా అమ్ముడైతే చాలు, నూరుమందికి ఇన్ని కనెక్షన్లన్న సూచీ ఒక అంకె పైకి ఎగబాకుతుంది. ఒక పండుగ సీజన్‌లో మంచి ఆఫరు పెట్టినా ఆ మాత్రం సిమ్‌లు అమ్ముడుపోవచ్చు. దాన్ని చూసి ఫోన్ లేనివాడికి ఫోన్ అందిందని మనం ఇక్కడ కూర్చుని సంతోషపడితే ఎలా?

ఫోన్ అందనివారు ఎక్కడుంటారో ఆ దేశపు పటం చూస్తేనే తెలుస్తుంది. గాసా జిల్లాలోని లునానా వంటి చోట్లకు కాలినడకన రోజుల తరబడి వెళ్లాలి. అలాంటి చోట టవరు నిలబెట్టాలంటే ఇనుము, సోలార్ పలకలు, బ్యాటరీలు అన్నీ పైకి చేర్చాలి, చెడిపోతే బాగుచేసేవాడూ అంత దూరం నడవాలి. అంత ఖర్చు పెట్టి ఇచ్చే కనెక్షన్లు కొద్దిపాటివే కనుక మొత్తం సంఖ్యలో అవి కనిపించవు. వృద్ధి రేటు తగ్గిందని మనం పెదవి విరిచే సంవత్సరంలోనే అన్నిటికన్నా కష్టమైన పని జరిగి ఉండవచ్చు.

మరో సంగతి. భూటాన్ జాతీయ భాష జోంఖా లిపిలో టైపు చేయడం చాలామందికి కష్టం కావడంతో అక్కడ వీచాట్ అనే సందేశాల యాప్‌లో గొంతు సందేశాలు పంపుకోవడం బాగా అలవాటైంది. ఆస్ట్రేలియా వెళ్లిన మనవడి మాటలను కోడలి ఫోన్‌లో వినే ముసలమ్మ పేర సిమ్ ఉండకపోవచ్చు, అయినా ఆమె రోజూ ఫోన్ వాడుతున్నట్టే. ఇక 2025 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ కూడా వచ్చింది. టవరు లేని పల్లెలో డిష్ పెట్టుకున్న ఇంటికి ఇంటర్నెట్ వస్తుంది గాని, మొబైల్ చందాల పట్టికలో దానికి చోటుండదు.

సిమ్‌లను గాక మనుషులను లెక్కించే సూచీ వేరే ఉంది. సొంత ఫోన్ ఉన్న వ్యక్తులు నూటికి ఎందరన్నది ఇంటింటి సర్వేల ద్వారా, స్త్రీ పురుషులను విడివిడిగా చూపుతూ సేకరించేది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోనూ దానికి స్థానం ఉంది. ఇకముందు చిన్న దేశాల గురించి ఇలాంటి పట్టికలు వేసేటప్పుడు చందాల వరుస పక్కనే ఈ వరుసనూ వేయవలసిందిగా కోరుతున్నాను. పాత వ్యాసానికి సవరణ వేసే ఆలోచన ఉంటే, శీర్షికలో "మనుషులు" అన్నచోట "సిమ్‌లు" అని మారిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు