వాయిదాకు వెళ్తే గైర్హాజరేనా?

సంపాదకులకు నమస్కారం.

ముషీరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా కుట్టు నేర్పుతున్నాను. కిందటేడు ఒక శిక్షణ కేంద్రంలో నా బ్యాచ్‌లో ఒకమ్మాయి చేరింది. భర్త కొట్టే దెబ్బలు పడలేక బిడ్డను చంకనేసుకుని ఇల్లు విడిచి వచ్చి, హాస్టల్లో ఉంటోంది. మొదట్లో పక్క మెషిన్ టకటకమంటే చాలు, ఉలిక్కిపడేది. చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. రెండు నెలలు తిరిగేసరికి జాకెట్ చంక దగ్గర ముడత పడకుండా చెయ్యి అతికింది. ఆ రోజు ఆ జాకెట్‌ను మడత పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాతి వారమే పేరు తీసేశారు. హాజరు తక్కువట. నాంపల్లి కోర్టులో వాయిదా అంటే పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రానికి గానీ తిరిగి రారు. బిడ్డకు జ్వరమొస్తే నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలో ఓపీ చీటీ పట్టుకుని కూర్చోవాలి. వేలిముద్ర మెషిన్‌కు ఇవన్నీ ఒకటే. వాయిదా కాగితం చూపించినా "రూల్ ఒప్పుకోదమ్మా" అన్నారు. సిబ్బందినీ తప్పుపట్టలేను, హాజరు తగ్గితే కేంద్రానికి రావాల్సిన బిల్లు ఆగుతుందని వాళ్ల టెన్షన్.

జైలు నుంచి విడుదలైనవాళ్లు, తాగుడు మానడానికి మందులు వాడుతున్నవాళ్లు, ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో చూపించుకుంటున్నవాళ్లు... వీళ్లందరికీ నెలలో ఒకటి రెండు రోజులు తమ చేతిలో ఉండవు. శిక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఈ రూల్ అడ్డుపడుతోంది.

మన నగరానికి మనసు లేదని అనను. చంచల్‌గూడలో జైళ్ల శాఖ ఖైదీలతో పెట్రోల్ బంకు నడుపుతోంది, జనం అక్కడ బండి ఆపి పోయించుకుంటూనే ఉన్నారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టే ఆ అమ్మాయి అన్ని రోజులైనా రాగలిగింది.

1978లో పుట్టిన ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ నుంచి నిన్న మొన్న తెరిచిన కేంద్రాల దాకా అందరినీ అడిగేది ఒక్కటే. వాయిదా కాగితమో ఆస్పత్రి చీటీయో తెచ్చిన రోజును హాజరుగా రాయండి. పోయిన పాఠాన్ని తర్వాతి బ్యాచ్‌తో కూర్చుని నేర్చుకోనివ్వండి. దరఖాస్తులో భర్త పేరు, ఇంటి చిరునామా లేవని వెనక్కి పంపకండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొచ్చి నేర్చుకుంటోంది. కుట్టు యూనిట్లో పనికి వెళ్తే సర్టిఫికెట్ అడిగారట. దానికి ఆమెకు తక్కువైంది పదకొండు రోజుల హాజరు.

– ఒక కుట్టు టీచరు, ముషీరాబాద్, హైదరాబాద్