ఎస్.పి. రోడ్డు అన్నకు, ఇంకా అందరికీ దండం

ఎట్టకేలకు బంగారక్క చేతిలో తినాల్సిన ఆఖరి దెబ్బ కూడా జుట్టుపోలిగాడు తినేశాడు. తోలుబొమ్మలాటలో నవ్వించే ఆ జోడీతో, బొమ్మను కాస్త కాస్త జరిపి ఫోటోలు తీస్తూ చేస్తున్న మా ఎనిమిది నిమిషాల సినిమాకు చివరి షాటు అయిపోయింది. కళ్ళు మండుతున్నాయి, వేళ్ళకు మైనం వదల్లేదు. అయినా ఈ నాలుగు ముక్కలూ ఇప్పుడే రాసెయ్యాలి. రేపటికి మర్యాదలు వచ్చిపడి అసలు మాట పలచబడిపోతుంది.

లెక్క తెలియనిదే ఈ దండం బరువు తెలియదు కాబట్టి ముందు లెక్క. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫోటోను రెండు ఫ్రేములకు వాడుకుంటే సెకనుకు 12 ఫోటోలు. ఎనిమిది నిమిషాల సినిమాకు 5,760. బొమ్మ చెయ్యి కాస్త జరపాలి, మన చెయ్యి తీసెయ్యాలి, ఫోటో కొట్టాలి, మళ్ళీ జరపాలి. ఇద్దరు మనుషులు పొద్దుట్నించి సాయంత్రం దాకా కూర్చుని అయిదు సెకన్ల సినిమా తీస్తే అది మంచి రోజు. ఏ అడ్డంకీ లేకపోతే 96 పనిదినాలు పడుతుంది. అడ్డంకి లేకుండా ఏ పని సాగింది గనక!

మా అడ్డంకి వెలుతురు. తోలుబొమ్మకు దీపం వెనకనుంచి పడాలి. గీకి పలచన చేసిన మేకతోలులోంచి, ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి వచ్చే వెలుగే బొమ్మ అందం. ఆ వెలుగు ఆవగింజంత మారినా ఒక్క ఫోటోలో తెలియదు. వరసగా ఆడిస్తే మాత్రం తెర ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్నే ఫ్లికర్ అంటారు. సాఫ్ట్‌వేర్లో కొంత సరిచెయ్యొచ్చు. కానీ చిల్లుల అంచుల దగ్గర అది బూడిదరంగు మచ్చలు వదులుతుంది. ఇలాంటి సినిమాలు సగంలో ఆగేది ఓపిక చాలక కాదు. నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టి ఫోటో ఇమడదు, అందుకు.

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, ఒక సందు మొదట్లో, మెట్ల కింద బల్ల వేసుకుని ఎల్ఈడీలు, పవర్ సప్లైలు బాగుచేసే అన్న ఉన్నాడు. హిందూపురం వైపు మనిషి. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. బొమ్మల వెనక వెలిగే మా లైటు పెట్టె ఆయన ముందు పెడితే దాన్ని ముట్టుకోనైనా లేదు. "ముందు ఫోటోలు చూపీప్పా" అన్నాడు. వేళ్ళతో జరుపుతూ వంద చూశాడు. చూశాక, "లైటుది తప్పు కాదప్పా. సగం తప్పు డిమ్మరుది, సగం నీ కెమెరాది" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. చవక డిమ్మరు వెలుగును నిజంగా తగ్గించదు, సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తుంది. షట్టరు తెరిచి ఉండే ఆ కొద్ది సేపట్లో ఒక ఫోటోకు ఎక్కువ వెలుగులు పడితే ఇంకో ఫోటోకు తక్కువ పడతాయి. ఆయన డిమ్మరును పీకి పక్కన పడేశాడు. 12 వోల్టుల, 5 ఆంపియర్ల పవర్ సప్లై పెట్టి, దాని అంచున ఉండే చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీని 11కు దించాడు. వెలుగు తగ్గింది, అదురు పోయింది. పెట్టెలోని మా స్ట్రిప్పు, అంటే ఎల్ఈడీలు వరసగా అతికించిన పట్టీ, మూడు మీటర్లు. మీటరుకు 14.4 వాట్ల చొప్పున 43 వాట్లు దాటుతుంది, అంటే 3.6 ఆంపియర్లు లాగుతుంది. సరిగ్గా సరిపోయే సప్లై కొంటే అది రోజంతా కాగిపోతుంది కాబట్టి కొంచెం పెద్దది పెట్టాడు. స్ట్రిప్పును ఒకే తోకలా వదలకుండా అర మీటరు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ విడిగా వైరు లాగి టంకం వేశాడు. ఒకే పొడుగైతే కరెంటు చివరిదాకా వెళ్ళేసరికి వోల్టేజీ పడిపోయి, తెర ఒక పక్క మసకబారుతుంది. ముక్కలన్నీ అల్యూమినియం పట్టీల మీద అంటించాడు, వేడి లాగేసుకోవడానికి.

కెమెరా సగం ఏమిటంటే, ఆటోమేటిక్ లెన్సులో వెలుగు వచ్చే దారిని చిన్నది చేసే రెక్కలు ప్రతి ఫోటోకూ మూసుకుని తెరుచుకుంటాయి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో. చేత్తో రింగు తిప్పే పాత లెన్సు వేస్తే ఆ గొడవ లేదు. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు), వైట్ బ్యాలెన్సు (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) ఎలాగూ చేత్తోనే పెట్టుకోవాలి. షట్టరు తెరిచి ఉండే సమయాన్ని అర సెకనుకు పెంచాక మిగిలిన చిన్న చిన్న ఒడుదొడుకులూ సర్దుకున్నాయి.

ఇదంతా పనితనం. పనితనానికి డబ్బిచ్చి దండం పెట్టొచ్చు. గొంతు పట్టేసింది ఆ తర్వాత జరిగిన దానికి. పని అయ్యాక ఆయన అదే చుట్టలోంచి ఇంకో మీటరు స్ట్రిప్పు కోసి, కాగితంలో చుట్టి, పైన తేదీ వేసి చేతిలో పెట్టాడు. "ఇంకో చుట్టలో ఈ రంగు రాదు. ఏడాది పోయినాక ఒక ముక్క పోతే యాడ తెస్తావు?" ఏడాది పోయినాక! అయినవాళ్ళంతా "ఇంకా అవలేదా" అని అడుగుతున్న రోజులవి. ముక్కూ మొహం తెలియని మనిషి మాత్రం ఏడాది తర్వాత కూడా ఈ పని నడుస్తూనే ఉంటుందని, అందులో వింతేమీ లేదన్నట్టు, దానికి కావలసిన సామాను ముందే సర్ది ఇచ్చాడు. పవర్ సప్లై స్క్రూ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క వేసి, "ఇంక దీన్ని తిప్పొద్దు" అని పెట్టె లోపల మార్కరుతో రాశాడు. తీసుకున్నది సామాను ఖరీదు మాత్రమే. కూలి ఎంతని మేం అడిగితే సినిమా అయ్యాక వచ్చి చూపించమన్నాడు. వస్తున్నామన్నా, ఎడిటింగు కానివ్వు.

రోజూ పని మొదలెట్టేముందు స్ట్రిప్పు దగ్గర మల్టీమీటరు పెట్టి వోల్టేజీ రాసుకోమన్నదీ ఆయనే. ఆ పుస్తకమే ఈ సినిమాకు వెన్నెముక అయింది. లైటు వేసి 20 నిమిషాలు ఆగడం (ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ వెలుగు కొంచెం తగ్గుతుంది, అందుకు), వోల్టేజీ, బూడిదరంగు కార్డు ఫోటో (వెలుగు నిన్నటిలాగే ఉందో లేదో పోల్చడానికి), ఆనాటి షాటు నంబరు. కెమెరాలో బ్యాటరీ బదులు బ్యాటరీ ఆకారంలో ఉండే డమ్మీ పెట్టి గోడ కరెంటుకు కలపాలి. బ్యాటరీ మార్చడానికి మూత తీస్తే ఫ్రేము కదిలిపోతుంది. ట్రైపాడ్ కాళ్ళ చుట్టూ నేల మీద టేపు అంటించాలి. తెల్ల చొక్కా వేసుకోకూడదు, దాని మీద పడిన వెలుగు తిరిగి బొమ్మ మీద పడుతుంది. షాటు మధ్యలో ఇంటికి వెళ్ళకూడదు. తప్పకపోతే బొమ్మ కదలకుండా నిలబడే చోట ఆపాలి, చెయ్యి ఊపుతున్న చోట కాదు. వెలుగు సమంగా పరుచుకోవడానికి స్ట్రిప్పు ముందు పెట్టే పాల రంగు అక్రిలిక్ రేకు మూడు మిల్లీమీటర్లది అయితే, స్ట్రిప్పుకూ దానికీ మధ్య కనీసం పది సెంటీమీటర్లు వదలాలి. లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

ఒక సాంస్కృతిక సంస్థ గ్రాంటు కూడా ఇచ్చింది, కాదనను. కానీ మొదటి విడత వచ్చేసరికి ఆర్థిక సంవత్సరం సగం గడిచింది, రెండో విడతకు మార్చి 31లోపు పని పూర్తయినట్టు పత్రం కావాలన్నారు. 96 పనిదినాలు మిగిలిన నెలల్లో పడతాయా అని అడిగితే ఫారంలో ఆ గడి లేదన్నారు. ప్రతి వస్తువుకూ మూడు కొటేషన్లు, జీఎస్టీ బిల్లు. మెట్ల కింద బల్ల వేసుకున్న మనిషి బిల్లెక్కడ ఇస్తాడు? సినిమాను నిలబెట్టిన ఖర్చు లెక్కల్లో లేదు, పనికిరాక మూలన పడేసిన డిమ్మరుకు మాత్రం మూడు కొటేషన్లున్నాయి. బొమ్మల మీద బతికేవాళ్ళు ఈ ఫారాలు నింపగలరా అని ఎవరూ అనుకోరు కాబోలు.

బొమ్మలు చేసిచ్చిన నిమ్మలకుంట కుటుంబానికి నమస్కారాలు. ధర్మవరం దగ్గరి ఆ ఊరివారే 2020లో పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారు. మామూలుగా నిలువెత్తు బొమ్మలు చేసే చేతులు మా కోసం ముప్పై సెంటీమీటర్లకు కుదించుకున్నాయి. కీళ్ళ దగ్గర ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదిలేస్తే నిలవదు. ఆ మధ్యస్థం వాళ్ళ వేళ్ళకే తెలుసు. వానాకాలం తేమకు తోలు ముడుచుకుంటే ఇస్త్రీ పెట్టొద్దని, రెండు చెక్కల మధ్య బరువు పెట్టి ఉంచమని ఫోనులో చెప్పి అన్ని బొమ్మలనూ కాపాడారు.

ఇంట్లోవాళ్ళకు వేరే చెప్పాలా. అన్నం పెట్టారు, అడగడం మానేశారు.

అయ్యో, ఆ పాత లెన్సు అరువిచ్చిన మనిషినే మరిచాను! పెళ్ళి ఫోటోలు తీసే ఆయన, నెలకని ఇచ్చి ఇప్పటిదాకా నోరెత్తలేదు. రేపే పంపిస్తున్నాం. పై ఇంటి అక్కయ్య వాషింగ్ మెషిన్ రాత్రి తొమ్మిది తర్వాతే వేసేది, అది తిరిగితే మా బల్ల అదురుతుందని. ఒక్కో ఫైలు 25 ఎంబీ చొప్పున 144 జీబీ ఫోటోలను తన ఆఫీసు సొరుగులో ఇంకో డిస్కులో దాచిన మిత్రుడు. వరండా లైటు ఆర్పిన వాచ్‌మన్ తాత. డోలు వాయించిన ఇద్దరు కుర్రాళ్ళు, మీకు ఇవ్వాల్సింది ఇంకా బాకీ ఉంది, రెండో విడత రాకపోయినా ఇస్తాం.